తెలుపు ఎరుపైన మాట



జుట్టు రంగు డబ్బాల మీద 'ఆబర్న్' అన్న ఇంగ్లీషు మాట చూసే ఉంటారు. ఎరుపు కలిసిన గోధుమ రంగు అని అర్థం. మనం 'నెరిసింది' అన్న మాటను తలకట్టుకే వాడినట్టు, వాళ్లూ ఈ మాటను ఎక్కువగా జుట్టుకే వాడతారు.

కానీ ఈ మాటకు మొదటి అర్థం తెలుపు! లాటిన్‌లో 'ఆల్బస్' అంటే తెలుపు. మనం ఫొటోలు దాచుకునే ఆల్బమ్ కూడా ఆ ఇంటి పిల్లే. దాన్నుంచి వచ్చిన 'ఆల్బర్నస్' అంటే తెల్లని ఛాయ గలది. అది పాత ఫ్రెంచి మీదుగా 15వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. అప్పట్లో లేత పసుపు కలిసిన తెల్లజుట్టుకే ఆ పేరు. 16, 17 శతాబ్దాల్లో కొందరు దాన్ని 'అబ్రన్', 'అబ్రౌన్' అని రాశారు. వింటే అందులో 'బ్రౌన్' ఉన్నట్టే ఉంది కదా! జనం అలాగే అనుకున్నారు. ఏ చుట్టరికమూ లేని పొరుగు మాట రంగు దీనికి అంటుకుంది. పాత అర్థం పోయింది.

ఇది మనకెందుకంటారా? మన ఇళ్లలోనూ జరిగేది ఇదే. తెలుగులో 'అవసరం' అంటే కావలసి రావడం. తమిళంలో, కన్నడంలో అదే మాటకు తొందర అని అర్థం. మనకు ఉపన్యాసం అంటే ప్రసంగం, ఒడియాలో నవల.

మా అమ్మాయి ఒకసారి ఆంధ్రాలో చుట్టాలింట్లో 'అవసరంగా తినేసి వచ్చాను' అంది. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి వాళ్లతో ఇంగ్లీషే మాట్లాడుతోంది. తప్పు మాట వల్ల కాదు, ఆ నవ్వు వల్ల ఒక పిల్ల నోట తెలుగు ఆగిపోయింది.

పొరుగు మాట సోకి అర్థం మారడం తప్పైతే, ఇంగ్లీషు నిఘంటువులో ఆబర్న్‌కు చోటే ఉండేది కాదు. అక్కడ పాత రాతలు మిగిలాయి కనుక పాత అర్థం ఇవాళ మనకు తెలిసింది. మన పెద్దల మాటలు మాత్రం నోటి మీదే ఉన్నాయి. ఈ వారం ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఐదు మాటలు, వాటి అర్థం, ఊరి పేరుతో సహా రాసి పెట్టండి. పిల్లలు మాట్లాడితే నవ్వకండి.