రెండు ఈద్‌లు

కాగజ్ ఉర్దూ మాట. ఆ మాటే మా ఊరి పేరు. 2014లో పేపరుమిల్లు మూతపడి 2018 దాకా తెరుచుకోలేదు. ఆ ఆకలికి మతం లేదు.

2020 మార్చిలో కరీంనగర్‌లో ఇండోనేసియా ప్రచారకులకు కరోనా అని తేలింది. నెలాఖరుకు ఢిల్లీ మర్కజ్ వార్త. ఇక టోపీ పెట్టుకున్నోడల్లా జబ్బు మోసుకొచ్చినోడే! చాచా అని పిలిచినవాళ్లే దూరం జరిగారు.

మే 6న మద్యం దుకాణాలు తెరిచారు. మసీదులకు జూన్ 8 దాకా తాళాలే. గుళ్లకూ అంతే, అది ఒప్పుకోవాలి. నడుమ మే 25న ఈద్ నమాజు ఇంట్లోనే. అలాయ్‌బలాయ్ లేదు. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, విదేశీ జమాత్ సభ్యుల్ని బలిపశువుల్ని చేసి ఉండొచ్చంటూ కేసులు కొట్టేసింది. ఆ మాట మా గల్లీలో ఎవరూ చాటలేదు.

2021 మే 12న మళ్లీ లాక్‌డౌన్, పొద్దున 6 నుంచి 10 దాకే సడలింపు. రెండ్రోజులకే ఈద్. ఆ నాలుగు గంటల్లో తోపుడుబండివాడు ఏం అమ్మాలి, పిల్లలకేం కొనాలి?