కంకర యంత్రం మొరాయిస్తే... ముందు ఆపాలి, తరువాతే చేయి పెట్టాలి

చిత్తూరు: రహదారి విస్తరణకైనా, ఇంటి శ్లాబుకైనా కంకర లేనిదే పని మొదలుకాదు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో కుప్పం, పలమనేరు మొదలుకొని తిరుపతి పరిసరాల వరకు గ్రానైటు, నైస్‌ జాతి శిలలు విస్తారంగా ఉన్నాయి. ఈ శిలల్లో క్వార్ట్జ్‌ అనే గట్టి ఖనిజం ఉంటుంది. క్రషర్‌ పలకలను అరగదీసేది అదే. ధూళిగా మారి కార్మికుల ఊపిరితిత్తులను దెబ్బతీసేదీ అదే. కాబట్టి క్రషర్‌ నిర్వహణ ఉత్పత్తికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, ప్రాణరక్షణకు సంబంధించినది కూడా. యంత్రం పాడయ్యే ముందు శబ్దం, వేడి, కంకర సైజులో తేడా వంటి సంకేతాలను ఇస్తుంది. వాటిని సకాలంలో గుర్తించి, యంత్రాన్ని ఆపి సరిచేస్తే ఖర్చూ తగ్గుతుంది, ప్రమాదాలూ తగ్గుతాయి.

యంత్రం పనిచేసే తీరు

క్వారీ నుంచి వచ్చిన బండరాళ్లు ముందుగా జా క్రషర్‌లో పడతాయి. కదలని పలకకు ఎదురుగా మరో పలక ముందుకు వెనుకకు ఊగుతూ రాయిని నలుపుతుంది. అమెరికాకు చెందిన ఎలీ విట్నీ బ్లేక్‌ 1858లో పేటెంటు పొందిన సూత్రమే నేటికీ దీనికి ఆధారం. ఇక్కడ పగిలిన రాయి కన్వేయర్‌ బెల్టుపై కోన్‌ క్రషర్‌కు, అక్కడి నుంచి జల్లెడలకు చేరుతుంది. 40, 20, 12, 6 మిల్లీమీటర్ల కంకరగా, రాతిపొడిగా వేరుపడుతుంది. పలకలను మాంగనీసు ఉక్కుతో తయారు చేస్తారు. 1882లో ఇంగ్లండుకు చెందిన రాబర్ట్‌ హాడ్‌ఫీల్డ్‌ కనుగొన్న ఈ లోహం దెబ్బలు తగిలేకొద్దీ పైపొర మరింత గట్టిపడుతుంది.

లోపాలు, వాటి కారణాలు

కంకర సైజు క్రమంగా పెరుగుతుంటే పలకలు అరిగి, కింది భాగంలో ఎడం పెరిగిందని అర్థం. యంత్రాన్ని ఆపి ఎడాన్ని కొలిచి సరిచేయాలి. పలకల కింది భాగమే త్వరగా అరుగుతుంది. తిరగేసి బిగించే వీలున్న పలకలను పూర్తిగా అరగకముందే తలకిందులు చేస్తే వాటి జీవితకాలం పెరుగుతుంది.

బేరింగు వేడెక్కడానికి గ్రీజు చాలకపోవడం ఎంత కారణమో, గ్రీజు ఎక్కువ కావడమూ అంతే కారణం. దుమ్ము చేరిన గ్రీజు మరీ చేటు. సాధారణంగా బేరింగు ఉష్ణోగ్రత 70 డిగ్రీల సెల్సియస్‌లోపు ఉండాలి. అంతకు మించి పెరుగుతూ పోతే రాయి వేయడం ఆపి కారణం వెతకాలి. కచ్చితమైన పరిమితికి యంత్రంతో వచ్చిన పుస్తకాన్ని చూడాలి.

కదిలే పలక వెనుక టకటకమని శబ్దం వస్తుంటే టెన్షన్‌ రాడ్‌ స్ప్రింగు వదులైందేమో, టాగిల్‌ ప్లేటు కూర్చునే గాడి అరిగిందేమో పరిశీలించాలి. ప్రొక్లెయిన్‌ బకెట్‌ పన్ను వంటి ఇనుప ముక్క రాళ్లతో పాటు లోపలికి వస్తే టాగిల్‌ ప్లేటు విరిగిపోతుంది. అది లోపం కాదు. యంత్రపు చట్రాన్ని, షాఫ్టును కాపాడేందుకు చేసిన ఏర్పాటు. మాటిమాటికీ విరుగుతోందని మందమైన ప్లేటును అమర్చినా, వెల్డింగుతో బలపరిచినా, తరువాత విరిగేది షాఫ్టే.

వాసన వస్తూ ఫ్లైవీల్‌ వేగం తగ్గితే వి-బెల్టులు జారుతున్నట్లు భావించాలి. ఒకటి తెగినా మొత్తం జతను మార్చాలి. పాతవాటి మధ్య కొత్తది వేస్తే భారమంతా దానిపైనే పడుతుంది.

కోన్‌ క్రషర్‌లో ఆయిల్‌ ఫిల్టరులో కంచు రేణువులు కనిపిస్తే బుష్‌ అరుగుతున్నట్లే. పై భాగం ఎగిరెగిరి పడుతుంటే రాయి అధికంగా వస్తోందని, లేదా ఇనుము చేరిందని గ్రహించాలి. కోన్‌ క్రషర్‌కు ముందున్న బెల్టుపై అయస్కాంతం అమర్చడం ద్వారా ఈ నష్టాన్ని చాలావరకు నివారించవచ్చు. అయితే మాంగనీసు ఉక్కు అయస్కాంతానికి అంటుకోదు. అందువల్ల బకెట్‌ పళ్లను రోజూ లెక్క చూసుకోవడమూ అవసరమే.

రాయి ఇరుక్కుంటే...

క్రషర్ల వద్ద అత్యంత ప్రమాదకరమైన పని ఇదే. మోటారు ఆగినా ఫ్లైవీల్‌ కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా నిలిచినట్లు కనిపించినా, ఇరుకున్న రాయి వదులైన క్షణంలో పలక ఒక్కసారిగా కదలవచ్చు. కాబట్టి ఫీడర్‌ను, మోటారును ఆపి, ప్రధాన స్విచ్‌ను తీసి దానికి తాళం వేయాలి. ఆ తాళంచెవి లోపల పనిచేసే వ్యక్తి వద్దే ఉండాలి. ఫ్లైవీల్‌ కదలకుండా అడ్డుపెట్టాలి. ఆ తరువాత గొలుసు, కొక్కెంతో రాయిని పైకి లాగాలి. నడుస్తున్న యంత్రంలో గడ్డపార పెట్టడం, రాయిని కాలితో తోయడం, లోపల మందుగుండు వాడటం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయరాదు. మాంగనీసు పలకలను సమ్మెటతో కొడితే ఉక్కు పెచ్చులు తూటాల్లా ఎగిరే ప్రమాదముంది.

కన్వేయర్‌ బెల్టు పక్కకు జరిగినా ఇదే నియమం వర్తిస్తుంది. రోలర్లకు, వెనుక పుల్లీకి అంటుకున్న మట్టిని బెల్టు ఆపిన తరువాతే తీయాలి. పుల్లీలకు, బెల్టులకు రక్షణ జాలీలు విధిగా ఉండాలి. మరమ్మతు కోసం తీసిన జాలీని తిరిగి బిగించకుండా యంత్రాన్ని నడపరాదు.

వర్షాల్లో మరింత జాగ్రత్త

చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల ప్రభావంతో వర్షాలు కురుస్తాయి. తడి మట్టి అంటిన రాయి పలకల మధ్య ముద్దగా చేరి యంత్రాన్ని బిగదీస్తుంది. జల్లెడ కన్నాలు పూడుకుపోతాయి. మట్టిని క్రషర్‌లోకి రాకముందే కమ్మీల జల్లెడ ద్వారా వేరుచేయాలి. విద్యుత్‌ ప్యానెళ్లలోకి నీరు చేరకుండా చూడాలి. ఎర్తింగును వానలు మొదలవకముందే పరీక్షించాలి.

కనిపించని శత్రువు ధూళి

రాయి నలిగే చోట, బెల్టు నుంచి బెల్టుకు పడే చోట, జల్లెడల వద్ద ధూళి అధికంగా లేస్తుంది. అందులో కంటికి కనిపించనంత సన్నని రేణువులే ఊపిరితిత్తుల లోపలి వరకు చేరి సిలికోసిస్‌ కలిగిస్తాయి. ఈ వ్యాధిని పూర్తిగా నయంచేసే చికిత్స లేదు. 1948 నాటి కర్మాగారాల చట్టం దీనిని తప్పనిసరిగా తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో చేర్చింది. కేంద్ర పర్యావరణ నియమాల ప్రకారం క్రషర్‌ నుంచి 40 మీటర్ల దూరంలో, యూనిట్‌ వల్ల గాలిలో చేరే ధూళి ఘనపు మీటరుకు 600 మైక్రోగ్రాములకు లోపే ఉండాలి. ధూళి లేచే చోట్లను రేకులతో మూయడం, నీటి తుంపరలు, గాలిని అడ్డుకునే గోడలు, ఆవరణలో గట్టి రోడ్డు, చుట్టూ చెట్లు కూడా ఉండాలి. పూడుకుపోయిన నీటి నాజిల్‌ను వెంటనే శుభ్రం చేయడం బేరింగుకు గ్రీజు పెట్టడమంత ముఖ్యం. ముఖానికి చుట్టుకున్న తువ్వాలు సన్నని ధూళిని ఆపలేదు. ఐఎస్‌ఐ గుర్తు గల ధూళి మాస్కులను ఇవ్వాలి.

నిర్వహణ క్రమం

ప్రతిరోజూ: క్రషర్‌ లోపల రాయి లేదని చూసుకున్నాకే ప్రారంభించాలి. ముందు కన్వేయర్లు, జల్లెడలు, తరువాత క్రషర్లు, చివరగా ఫీడర్‌. ఆపేటప్పుడు ఈ క్రమం తలకిందులు కావాలి. ఆయిల్‌ మట్టం, బేరింగుల వేడి, వదులైన బోల్టులు, నీటి నాజిళ్లు చూడాలి.

వారానికోసారి: పలకల అరుగుదల, వి-బెల్టుల బిగువు, జల్లెడ బిగువు, స్ప్రింగులు, రోలర్లు, రక్షణ జాలీలను తనిఖీ చేయాలి.

నెలకోసారి: ఆయిల్‌ ఫిల్టర్లు, టాగిల్‌ గాళ్లు, చట్రంలో పగుళ్లు, పునాది బోల్టులు, ఎర్తింగును పరీక్షించాలి.

ఈ వివరాలన్నింటినీ తేదీతో సహా ఒక పుస్తకంలో నమోదు చేయాలి. ఏ బేరింగు ఎప్పుడు వేడెక్కింది, ఏ పలక ఎన్ని గంటలు పనిచేసింది అనేది అందులో ఉంటే, తదుపరి మరమ్మతు ఎప్పుడు అవసరమో ముందే తెలుస్తుంది. హడావుడిగా నడుస్తున్న యంత్రంలో చేయి పెట్టవలసిన పరిస్థితి అప్పుడే తప్పుతుంది.