వాడ

బెజవాడ వన్ టౌన్‌ని కాలినడకన చూపించేవాళ్లు సాధారణంగా కెనాల్ రోడ్డు వినాయకుడి గుడి దగ్గర నిలబడి, కొండవైపు చెయ్యి చాపి రెండు కథలు చెబుతారు. ఇంద్రకీలాద్రి మీద అర్జునుడు తపస్సు చేసి పాశుపతం సాధించాడు, అర్జునుడికే విజయుడని పేరు, కాబట్టి ఇది విజయవాడ. ఇక రెండోది: కృష్ణమ్మ సముద్రానికి పోతుంటే కొండ అడ్డొచ్చింది, బెజ్జం చేసుకుని దారి తీసింది, కాబట్టి బెజ్జంవాడ, అదే బెజవాడ. రెండూ మంచి కథలే. పిల్లలకి చెప్పాల్సినవే. కానీ రెండూ ఊరిపేరులో ముందుసగంతోనే ఆగిపోతాయి. వెనకున్న ‘వాడ’ సంగతి ఎవరూ ఎత్తరు. నా మటుకు నాకు ఆ వెనకసగమే ముఖ్యం. జనం కాపురమున్నది అందులో.

ముందుసగం గొడవ తేల్చడం అంత కష్టం కాదు. సంస్కృతపు వకారం తద్భవాల్లో బకారం కావడం మనకి కొత్త కాదు. వీరం బీరమైంది, వ్యవహారం బేహారమైంది. విజయవాడ నలుగురి నోళ్లలో నలిగి బెజవాడ కావడమూ ఆ దారినే. బెజ్జం కథ తర్వాత వచ్చి చేరి ఉంటుంది. అసలు అర్థం మరుగుపడిన పేరుకి జనం తమకి తెలిసిన మాటతో అర్థం చెప్పుకోవడం అన్ని ఊళ్లలోనూ ఉన్నదే.

వాడ కూడా బయటినుంచి వచ్చిన మాటే. సంస్కృతంలో వాటం అంటే చుట్టూ కంచె వేసిన జాగా. కటకం కడియమైనట్టు, ప్రాకృతంలో టకారం డకారమై, వాటం వాడగా మన దగ్గరికొచ్చింది. దీని తోబుట్టువు వాటిక మాత్రం సంస్కృతపు కట్టుబొట్టుతోనే మన మధ్య తిరుగుతోంది. యజ్ఞవాటిక, పుష్పవాటిక, శ్మశానవాటిక అంటాం. ఈ మూడింటికీ ఉమ్మడి లక్షణం ఒకటుంది: ఇక్కడినుంచి ఇక్కడిదాకా అని గీత గీసి, ఆ గీత లోపల ఒకే పనికి చోటిచ్చిన స్థలాలవి. వాడలోనూ ఆ గీత ఉంది. గుళ్లున్న వాడ గుడివాడ. కరీంనగర్ వైపు వేములవాడ ఒకప్పుడు చాళుక్యుల రాజధాని. వాడలుగా మొదలై ఊళ్లయిన పేర్లివి. బెజవాడ చుట్టుపక్కల ఎనికేపాడు, రామవరప్పాడు, కంకిపాడు అని పాడులు వరసగా ఉంటే, మధ్యలో ఈ ఒక్క ఊరికీ కంచె ఉన్న పేరు పడింది.

(చీరాల దగ్గరి వాడరేవులోని వాడ ఇది కాదు. అక్కడ వాడ అంటే ఓడ. ఆ రెంటినీ ఒక గాటన కట్టకూడదు.)

ఊరిపేరు బెజవాడ అని ఎప్పటినుంచి అంటున్నారో చూడాలంటే కొండ ఎక్కాలి. తూర్పు చాళుక్య రాజు యుద్ధమల్లుడి శాసనం అక్కడి మల్లేశ్వరాలయం స్తంభం మీద ఉంది. నన్నయకి ముందటిది. మధ్యాక్కరల్లో ఉంది, అంటే తెలుగులో ఛందస్సున్న పద్యం రాతి మీదికెక్కిన తొలినాళ్లది. బెజవాడ అన్న పేరు అందులో ఉన్నది ఉన్నట్టుగా కనిపిస్తుంది. కుమారస్వామి చేబ్రోలు నుంచి జాతరకి ఇక్కడికొచ్చి, ఈ చోటు నచ్చి ఉండిపోయాడని ఒక కథ చెబుతుంది. ఆయనకి కట్టిన గుడి గురించీ, మఠం గురించీ చెబుతుంది. చెప్పి, ఒక హెచ్చరిక చేస్తుంది: గొరగలు, అంటే శైవ సన్యాసులు, వాళ్లు కాక వేరేవాళ్లెవరూ ఇందులో విడిదిచేసి గుంపు కట్టకూడదు, కట్టినవాళ్లకి పాపం చుట్టుకుంటుంది. ఈ శాసనాన్ని భాషకోసం చదువుతారు, ఛందస్సుకోసం చదువుతారు. నేను మాత్రం ఆ హెచ్చరిక దగ్గర ఆగిపోతాను. వాడ అన్న పేరు చెప్పిన రాయే ఎవరు లోపల, ఎవరు బయట అన్న గీత కూడా గీసింది.

కొండ దిగి ఊళ్లోకి నడిస్తే బ్రాహ్మణ వీధి, పాత శివాలయం, సామారంగం చౌక్, మెయిన్ బజారు, కాళేశ్వరరావు మార్కెట్, పంజా సెంటర్, కొత్తపేట, గొల్లపాలెం గట్టు. వీధి, చౌక్, బజారు, మార్కెట్, సెంటర్, పేట, పాలెం, గట్టు: ఒక్క పూట నడకలో ఇన్ని మాటలు కాళ్లకి తగులుతాయి. ఏ మాట ఏ కాలంలో, ఎవరి వెంట వచ్చిందో తెలిసినవాళ్లకి ఈ బోర్డులే చరిత్ర పుస్తకం. కొండ కిందే జమ్మిదొడ్డి ఉంది. దొడ్డి అచ్చతెలుగు మాట, పశువుల దొడ్డి, బందెలదొడ్డి అన్నప్పటి దొడ్డి. అది కూడా కంచె ఉన్న జాగాయే. సంస్కృతం నుంచి వచ్చిన కంచె ఊరంతటికీ పేరైంది, మన కంచె ఒక మూలకి పేరుగా మిగిలింది.

ఇంతా చేసి, వాడ పేరు మోస్తున్న ఈ ఊళ్లో వాడ అని ముగిసే పేట వెతుక్కోవాలి. గవర్నర్‌పేట, సూర్యారావుపేట, లబ్బీపేట, సత్యనారాయణపురం, మొగల్రాజపురం, కృష్ణలంక, గాంధీనగర్... పేటలూ పురాలూ లంకలూ నగర్‌లే. 1888లో మునిసిపాలిటీ వచ్చాక ఊరిని వార్డులుగా లెక్కపెట్టడం మొదలైంది. ఇంగ్లీషులో వార్డుకీ గార్డుకీ పుట్టుక ఒకటే, రెంటిలోనూ ఉన్నది కాపలా. వాడ వెళ్లి వార్డు వచ్చినా కంచె మాత్రం కదల్లేదు. పాత ఊరికి ఇప్పుడు జనం నోట ఉన్న పేరు వన్ టౌన్. పోలీస్ స్టేషన్ నంబరు అది. ఆటో ఎక్కితే “ఏ సెంటరండీ?” అని అడుగుతారు తప్ప ఏ వాడ అని ఎవరూ అడగరు.

మరి వాడ ఎటు పోయింది? మాటల్లో బతికే ఉంది. “ఊరూ వాడా ఏకమైంది” అంటాం, “వాడవాడలా జెండా ఎగిరింది” అంటాం. సంబరంగా అనే ఈ మాటల్ని ఒక్కసారి విడదీసి చూడాలి. ఊరు ఒకటి, వాడ వేరొకటి అయితేనే కదా ఏకం కావలసిన పని. ఊరు అంటే నడుమ ఉన్నది. వాడ అంటే ఊరి చివర దళితుల ఇళ్లు. డెల్టా పల్లెల్లో దాన్ని గూడెం అనీ, పల్లె అనీ కూడా అంటారు. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో వచ్చిన తన నవలకి ‘మాలపల్లి’ అని పేరు పెట్టింది అందుకే. సర్కారు కాగితాల్లోనూ, పత్రికల్లోనూ హరిజనవాడ, దళితవాడ. మరాఠీవాళ్ల దగ్గరా ఇదే కథ. పుణెలో పీష్వాల కోట శనివార్‌వాడా, ఊరి బయట మహార్లు ఉండే చోటు మహార్‌వాడా. ఒకే మాట పైవాడికి కోటగోడైంది, కిందివాడికి వెలి అయింది. గీత గీసేది ఎవరు అన్నదాన్నిబట్టి లోపలుండటం గౌరవమో శిక్షో తేలింది.

బ్రాహ్మణ వీధి బోర్డు కింద నిలబడినప్పుడు ఈ సంగతి చెప్పకుండా ముందుకి కదలడం నాకు సబబుగా తోచదు. ఒక కులం కాపురానికి వీధి, ఇంకొకరి కాపురానికి పాలెం, మరొకరికి వాడ. చూపించేవాళ్లు గుడి చూపిస్తారు, గాంధీ కొండ మీద 1968లో లేచిన స్తూపం చూపిస్తారు, మార్కెట్ చూపిస్తారు. గొల్లపాలెం గట్టు మెట్లు మాత్రం చాలామంది ఎక్కించరు. అక్కడ ఇళ్లు కొండకి అతుక్కుని ఒకదాని నెత్తిన ఒకటి ఉంటాయి, ఒకరి వాకిలి ముందునుంచే ఇంకొకరి దారి. ఆ మెట్లు ఎక్కాలి. ఊరు ఎక్కడ చోటిచ్చింది, ఎక్కడ ఇవ్వలేదు అన్నది కింద బజార్లో కంటే అక్కడే బాగా తెలుస్తుంది.

కృష్ణా జిల్లా పల్లెల్లో కొన్నాళ్లుగా ఒక మార్పు జరుగుతోంది. ఊరి చివరి వాడలవాళ్లు తమ చోటుకి అంబేడ్కర్ నగర్ అనో, అంబేడ్కర్ కాలనీ అనో పేరు పెట్టుకుని, మొగలో బోర్డు నిలబెట్టుకుంటున్నారు. ఎవరో గీసిన గీత పేరుని చెరిపేసి, తాము ఎంచుకున్న పేరు రాసుకుంటున్నారు. బందరు రోడ్డు పొడుగునా బస్సు కిటికీలోంచి చూసినా ఆ నీలిరంగు బోర్డులు కనిపిస్తాయి. అదే బస్సు నెత్తిన ఆ రోడ్డు చివరి ఊరిపేరు రాసి ఉంటుంది: విజయవాడ.