సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ: ఎలక్ట్రిక్ కారు కొంటే మిగిలేదెంత, కరెంటు బిల్లు పెరిగేదెంత?

తెలంగాణలో ఎలక్ట్రిక్ వాహనానికి రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టక్కర్లేదు. 2024 నవంబరు 18 నుంచి అమల్లోకి వచ్చిన జీవో 41 ప్రకారం ఈ మినహాయింపు 2026 డిసెంబరు 31 వరకే. కారు, స్కూటీ, ఆటో, ట్రాక్టర్ అన్నింటికీ వర్తిస్తుంది. 2020 నాటి పాలసీలో మొదటి కొన్ని వాహనాలకే అన్న పరిమితి ఉండేది, ఇప్పుడది లేదు.

డబ్బుల్లో చూద్దాం. రూ.9 లక్షల పెట్రోల్ కారుకు 14 శాతం లెక్కన లైఫ్ ట్యాక్స్ రూ.1.26 లక్షలు. అదే ధర ఈవీకి సున్నా. జీఎస్టీ ఈవీలకు 5 శాతమే. అయితే చిన్న పెట్రోల్ కార్లపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది కాబట్టి, షోరూం ధరలో తేడా మునుపటికంటే తక్కువగా కనిపించవచ్చు. సొంత కార్లకు కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ సబ్సిడీ లేదు. థర్డ్ పార్టీ బీమా ప్రీమియంలో మాత్రం 15 శాతం తగ్గింపు ఉంది.

కోదాడ వాళ్లు జాగ్రత్త

సరిహద్దు దాటితే జగ్గయ్యపేట, ఇంకాస్త వెళ్తే విజయవాడ షోరూంలు. అక్కడ ఆఫర్ బాగుందని కొనుక్కొస్తే ఇబ్బందే. మినహాయింపు తెలంగాణలో కొని, తెలంగాణలోనే రిజిస్టర్ చేసిన వాహనాలకు. సూర్యాపేట, కోదాడ వాహనాలకు టీజీ-29, నల్గొండ జిల్లాలోని మిర్యాలగూడకు టీజీ-05 సిరీస్ వస్తుంది. సొంత వాహనమైతే ఆకుపచ్చ ప్లేటుపై తెల్ల అక్షరాలు.

కరెంటు బిల్లు సంగతేంటి?

నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే కారు అనుకుందాం. లీటరుకు 15 కిలోమీటర్ల మైలేజీ, లీటరు రూ.107 అయితే పెట్రోలుకు సుమారు రూ.7,100. ఈవీకి దాదాపు 150 యూనిట్లు పడతాయి. యూనిట్ రూ.9 వేసుకున్నా రూ.1,350. కానీ ఇంటి వాడకానికి ఈ 150 కలిస్తే శ్లాబు మారుతుంది. నెలకు 200 యూనిట్లు దాటగానే మొదటి యూనిట్ నుంచే ధర పెరుగుతుంది.

ఎలక్ట్రిక్ స్కూటీ కొనేవారికి ఇది ఇంకా ముఖ్యం. రోజుకు 30 కిలోమీటర్లు తిరిగితే నెలకు దాదాపు 30 యూనిట్లు. గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తున్న ఇంట్లో ఇప్పటికే 180 యూనిట్లు కాలుతుంటే, స్కూటీ చార్జింగ్‌తో ఆ నెల 200 దాటి మొత్తం బిల్లు కట్టాల్సి వస్తుంది. షోరూంలో ఈ లెక్క ఎవరూ చెప్పరు.

కారు ఇంటి చార్జర్ 3.3 కిలోవాట్లు తీసుకుంటుంది. మీ మీటరుకు ఉన్న లోడు చాలకపోతే టీజీఎస్పీడీసీఎల్‌కు అదనపు లోడు కోసం దరఖాస్తు చేయాలి. అద్దె ఇంట్లో ఉంటే, బండి పెట్టే చోట సాకెట్‌కు ఓనర్ ఒప్పుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.

పెట్రోలు పొగ తప్పినా బొగ్గు తప్పలేదని గుర్తుంచుకోవాలి. మిర్యాలగూడ పక్కనే దామరచర్ల మండలంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది. తెలుగు మూలాలున్న కుటుంబాలు చాలా ఉన్న మారిషస్‌దీ ఇదే పరిస్థితి. అక్కడ 2022 జులైలో ఈవీలపై సుంకం ఎత్తేశారు, కరెంటు మాత్రం ఎక్కువగా బొగ్గు, చమురు నుంచే వస్తోంది.

దారిలో ఆగిపోతామా?

మారిషస్ ఆ చివర నుంచి ఈ చివరకు 65 కిలోమీటర్లు. మన మూడు పట్టణాల మధ్య దూరాలూ అంతకు మించవు. సూర్యాపేట నుంచి కోదాడ 45 కిలోమీటర్ల లోపే. ఇక్కడిక్కడ తిరిగేవారికి రాత్రి ఇంట్లో చార్జింగ్ చాలు. ఎండాకాలం ఏసీ ఆపకుండా నడిపితే రేంజ్ కొంత తగ్గుతుంది, కంపెనీ చెప్పిన అంకెను నమ్ముకోవద్దు.

హైదరాబాద్ వెళ్లిరావడం వేరే కథ. సూర్యాపేట నుంచి రానూపోనూ దాదాపు 270 కిలోమీటర్లు, అంటే చిన్న బ్యాటరీ కారుకు మధ్యలో ఒక చార్జింగ్ తప్పదు. 65వ నంబరు హైవేపై 2023 మే నుంచి ఆర్టీసీ ఈ-గరుడ బస్సులే విజయవాడ దాకా తిరుగుతున్నాయి. కార్లకు సీసీఎస్-2 ఫాస్ట్ చార్జర్లు ఉన్నా, అక్కడ యూనిట్ ధర ఇంటి ధరకు రెట్టింపు దాటవచ్చు. సంక్రాంతి ముందు రోజుల్లో పంతంగి, కొర్లపహాడ్ టోల్‌గేట్ల దగ్గర రద్దీ తెలిసిందే. ఆ వారం ప్రయాణమైతే ఇంటి దగ్గరే ఫుల్ చార్జ్ చేసుకుని బయల్దేరండి.