ఓడబొమ్మ చెప్పిన చరిత్ర

మంత్రాలయమునకు వచ్చు యాత్రికులు తుంగభద్రలో స్నానము చేసి, శ్రీ రాఘవేంద్రస్వామివారి బృందావనమును సేవించి తిరిగి పోవుదురు. వారిలో నా పరిచయస్థులు కొందరు మా యింటికిని వచ్చుట కలదు. బల్లమీద సగము కట్టియున్న తెరచాప ఓడను చూచినతోడనే వారడుగు ప్రశ్న ఒక్కటే: "ఏ దిక్కునకు పోయినను సముద్రము ఇంచుమించు 300 కిలోమీటర్ల దూరమున నున్నది. ఈ ఎండుసీమలో మీకు ఓడలతో ఏమి పనియండీ?" ఇంతవరకు నవ్వి ఊరకుంటిని. నేటి ప్రసంగమున ఆ ప్రశ్నకు తగిన సమాధానము చెప్పవలెనని నా సంకల్పము.

ఓడబొమ్మలు కట్టుట లోకమున చాలమందికి ప్రీతికరమైన వ్యాసంగము. దానికి కావలసిన సామగ్రి యంతయు ఒక పెట్టెలో అమర్చి అమ్ముదురు. ఆ పెట్టెలో ఓడ పటములు, అడుగు దూలము, పక్కటెముకలవలె కోసిన పలకలు, సన్నని కొయ్యబద్దలు, నూలుత్రాళ్లు, ఇత్తడి మేకులు ఉండును. అడుగు దూలమునకు పక్కటెముకలను నిలిపి, వానిమీద బద్దలను ఒక్కొక్కటిగా అతికించి, పిమ్మట స్తంభములు నాటి, త్రాళ్లు కట్టి, తెరచాప లెత్తవలెను. పెక్కు బొమ్మలు అసలు ఓడలో 48వ వంతు పరిమాణమున నుండును. అనగా ఓడలోని ఒక అడుగు బొమ్మలో పావు అంగుళ మగును. తీరిక వేళల మాత్రమే పనిచేయువానికి ఒక బొమ్మ ముగియుటకు ఏడాదియో రెండేండ్లో పట్టును.

నా మొదటి ఓడ బాగుగా కుదరలేదు. బద్దలను నీట నానబెట్టకయే వంచబోయి ఏడెనిమిదింటిని విరిచితిని. ఎట్లో ముగించి అలమారుపై నుంచగా, వైశాఖమాసపు ఎండకు కొయ్య కుంచించుకొని, ప్రక్కలన్నియు నోళ్లు తెరచెను. అప్పుడు నాకొక సంగతి బోధపడినది. నీటిలోనున్న ఓడ కొయ్య నీరు పీల్చి ఉబ్బి, అతుకులను బిగించుకొనును. ఒడ్డున ఎండిన ఓడ అతుకులు విచ్చును. కనుకనే ఓడ వడ్రంగులు సందులలో నార క్రుక్కి, పైన గుగ్గిలము పూయుదురు. ఇంత చిన్న విషయమును తెలిసికొనుటకు నాకు ఒక బొమ్మ చెడవలసివచ్చెను. ఓడలు కట్టి బ్రతికినవారికి ఇట్టివి ఎన్ని వందలు తెలిసియుండునో గదా! ఆ తెలివి యంతయు ఎక్కడికి పోయినది? ఈ ప్రశ్నయే నన్ను బొమ్మలనుండి చరిత్రకు నడపినది.

ఓడబొమ్మలకు ప్రాచీనత తక్కువది కాదు. ఐగుప్తదేశమున మేకెత్రె అను అధికారి సమాధిలో 1920లో దొరకిన కొయ్యపడవలు దాదాపు 4000 ఏండ్ల నాటివి. వానిమీద తెడ్డువేయువారును, చుక్కాని పట్టినవారును బొమ్మలై నిలిచియుండుటచే, ఆనాటి పడవ ఎట్లు నడిచెడిదో నేటికిని చూడనగుచున్నది. మన దేశమున గుజరాతులోని లోథాల్ త్రవ్వకములలో మట్టి పడవబొమ్మలు బయల్పడినవి. 17వ శతాబ్దిలో ఆంగ్లేయుల నౌకాశాఖవారు యుద్ధనౌకలకు నమూనాలు చేయించిరి. వాని క్రిందిభాగమున పలకలు కప్పక విడిచిరి గనుక, లోపలి ఎముకల కూర్పు స్పష్టముగా కనబడును. నేటి పెట్టెలలోని బొమ్మలకు ఈ నమూనాలును, ఆనాటి పటములును ఆధారములు. అచ్చటి ఓడలు పోయినను వాని రూపములు పోలేదు.

పటము విలువ తెలుపు కథ యొకటి బొంబాయికి సంబంధించినది. 1812లో ఆంగ్ల నౌకాశాఖవారు ఒక యుద్ధనౌకను బొంబాయిలో కట్టింప నిశ్చయించి, దాని పటములను 'జావా' అను ఓడలో పంపిరి. ఆ ఏడు డిసెంబరులో 'జావా' అమెరికావారి 'కాన్‌స్టిట్యూషన్' నౌకచేత చిక్కి నాశనమయ్యెను. పటములును దానితోడనే పోయెను. మరల పటములు వచ్చువరకు పని సాగలేదు. తుదకు వాడియా వంశపు పారశీక శిల్పులు మలబారు టేకుతో కట్టిన 'ట్రింకోమలీ' 1817లో నీట దిగెను. అది నేటికిని ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ రేవున నిలిచియున్నది. పటములు పోయి పని ఆగిన కథ అది. మన తీరమున జరిగినది దీనికి విలోమము: పని ఎన్నడును ఆగలేదు, పటములు మాత్రము ఎన్నడును లేవు.

శాతవాహనులలో యజ్ఞశ్రీ శాతకర్ణి మొదలైనవారు రెండు స్తంభముల ఓడ ముద్రగల సీసపు నాణెములు వేయించిరి. కోరమండల తీరమున దొరకిన ఆ నాణెము బొటనవ్రేలి గోరంత. దానిపై ఓడ ఆకారము కలదు, స్తంభములు కలవు, ప్రక్కన పెద్ద తెడ్డువంటి చుక్కాని కలదు. అంతకు మించి ఏమియు తెలియదు. ఎముకలెన్ని, పలకలు మేకులతో బిగించిరో త్రాళ్లతో కుట్టిరో ఆ గోరంత సీసము చెప్పజాలదు.

కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. పూర్వపు రాజులు తుఫానున చెడి ఒడ్డున కొట్టుకొనివచ్చిన ఓడల సరకులను అపహరించెడివారనియు, తాను న్యాయమైన సుంకము తప్ప మరేమియు పుచ్చుకొననని వర్తకులకు అభయ మిచ్చుచున్నాననియు దాని సారాంశము. ఆ శాసనమువలన సరకుల పేర్లు, సుంకపు రేట్లు తెలియుచున్నవి. కాని ఆ సరకులు మోసిన ఓడ యెట్టిదో తెలియదు. శాసనము చెక్కించువారికి ఓడ నిత్యము కన్నులయెదుట నుండు వస్తువు. దానిని వర్ణింపవలెనని ఎవరికి తోచును?

17వ శతాబ్దిలో గోదావరి ముఖమునగల నరసాపురము, దాని చెంతనున్న మాదపొల్లెము ఓడల నిర్మాణమునకు పేరుపడెను. అచ్చట మంచి కలపయు, మంచి ఇనుమును, నేర్పరులైన వడ్రంగులును కలరని ఐరోపా వర్తకులు తమ ఓడలను అచ్చటనే కట్టించుకొనిరి. తరువాతి కాలమున కోరంగికి ఆ కీర్తి వచ్చెను. కోరంగి రేవునుండి వెళ్లినవారి మూలముననే బర్మాలో తెలుగువారికందరికి 'కోరంగీ'లను పేరు నిలిచెను. కాని 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరు 25న మరియొకసారి, తుఫాను కెరటములు ఆ యూరిని ముంచివేసెను. రెండవ దెబ్బనుండి కోరంగి తేరుకొనలేదు. రేవు ఇసుకతో పూడెను, పొగయోడలు వచ్చెను, వర్తకము కాకినాడ చేరెను. ఊరితోబాటు ఊరి వడ్రంగుల లెక్కలును పోయెను. ఆ లెక్కలు కాగితముపై లేవు. తండ్రి చేతినుండి కొడుకు చేతికి, కంటినుండి కంటికి వచ్చినవి.

ఇట్టి స్థితిలో మనకు మిగిలిన ఆధారములు ఇద్దరు విదేశీయులు చూచి వ్రాసినవి. మొదటివాడు సింహళమున ట్రింకోమలీ నౌకాశాలలో ప్రధాన శిల్పిగా నుండిన జాన్ ఎడై. ఆయన 1834లో ప్రకటించిన వ్యాసమున కోరమండల తీరపు 'ధోనీ' సుమారు 70 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 12 అడుగుల లోతు గలదని వ్రాసెను. అడుగుభాగము చదునైనది, ఒకే స్తంభము. ఆయనకు ఆ ఓడ రుచింపలేదు, మోటుదని నిందించెను. నిందించినను కొలిచెను గనుక, ఆయనకు మనము ఋణపడియున్నాము. రెండవవాడు ఫ్రెంచి నౌకాధికారి ఎద్మొం పారి. ఆయన మూడుసార్లు భూప్రదక్షిణము చేయుచు, దిగిన ప్రతి రేవునను నాటుపడవలను కొలిచి పటములు వ్రాసెను. మన దేశమున ఒక కర్మాగారమును చూచుచుండగా యంత్రమున చిక్కి ఎడమచేయి పోయినను ఆ పని మానలేదు. ఆయన గ్రంథము 1841 మొదలుకొని వెలువడెను. 1871లో పారిస్ నగరపు లూవ్ర్ భవనమునందలి నౌకా ప్రదర్శనశాలకు అధిపతియై, 1893లో మరణించువరకు తన పటములను బట్టి ఓడబొమ్మలు చేయించుచు వచ్చెను. ఐరోపాకు వెలుపలి జాతుల పడవలు పెక్కు నేడు రూపముతో మిగిలియున్నవనిన, అది ఒంటిచేతివాని పుణ్యము.

ఇప్పుడు నా బల్లమీద నున్నది ఆ ధోనీయే. దీనికి పెట్టెలో అమర్చిన సామగ్రి లేదు. పలకలు నేనే కోసికొంటిని. ఎడై కొలతలను 48వ వంతునకు దించగా, పొడవు పదునేడున్నర అంగుళములు, వెడల్పు 5, లోతు 3 అయినవి. కొలతలు మూడే, ప్రశ్నలు మూడు వందలు. చదునైన అడుగు ముందువైపు ఎట్లు పైకి లేచును? పలక చివర ఎక్కడ ఆగును? పుస్తకము చదువునప్పుడు ఈ ప్రశ్నలు పుట్టవు. చేత బద్ద పట్టుకొని, తరువాతి దానిని ఎక్కడ పెట్టవలెనో తోచక కూర్చున్నప్పుడు పుట్టును. బొమ్మ కట్టుట చరిత్ర చదువుటలో ఒక విధమని నేననుట ఇందుచేతనే.

ఇక మా ఎండుసీమకు పడవలతో సంబంధము లేదనుట పొరపాటు. 1520 ప్రాంతమున విజయనగరము చూడవచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేయిష్, ఆనెగొంది చెంత ఈ తుంగభద్రనే జనులు తోలుకప్పిన గుండ్రని బుట్టలలో దాటుచుండిరని వ్రాసెను. ఒక్కొక్కదానిలో పదునైదుగురు ఇరువదిమంది ఎక్కుదురట; గుర్రములను ఎద్దులను సైతము దాటింతురట. అవియే మన పుట్టులు. మంత్రాలయమునకు దిగువనున్న సుంకేసుల వద్ద బయలుదేరు కర్నూలు–కడప కాలువను 1860–70 సంవత్సరముల నడుమ మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు త్రవ్వించినది సేద్యమునకే కాదు, పడవల రాకపోకలకును గూడ. కంపెనీకి నష్టము వచ్చి, 1882లో ప్రభుత్వము దానిని కొనెను. కరవుసీమ నడుమ ఒకప్పుడు పడవలు సాగెనని నేడు చెప్పిన, పిల్లలు కథ యనుకొందురు.

కొన్నేండ్ల క్రిందట మా యేటియొడ్డున పుట్టి అల్లుచున్న ఒక ముదుసలి చెంత కూర్చుండి, "పెద్దాయనా, ఈ పుట్టికి ఎదురుబద్దలు ఎన్ని కావలెను? అంచునకు ఎంత ఎత్తు విడువవలెను?" అని అడిగితిని. ఆయన చేతిపని ఆపక, "లెక్క నాకేం దెలుసు సామీ, చేతికి దెలుసు" అనెను. ఆ మాటకు అప్పుడు సంతసించితిని; ఇంటికి వచ్చిన పిమ్మట భయము కలిగినది. కోరంగి వడ్రంగులను అడిగినను ఈ మాటయే చెప్పియుందురు గదా! చేతికి మాత్రమే తెలిసినది చేతితోడనే పోవును. మరునాడు కొలబద్ద, కాగితము తీసికొనిపోయితిని. ఆయన నవ్వుచునే కొలవనిచ్చెను. బద్దలు లెక్కించితిని, అల్లిక వరుస వ్రాసికొంటిని. ఆ కాగితమును బట్టి చేసిన చిన్న పుట్టి ఇప్పుడు నా అలమారులో ఆంగ్లేయుల యుద్ధనౌక ప్రక్కన నున్నది. ఆ ముదుసలి మరి లేడు.

1948 మార్చి 14న విశాఖపట్టణమున 'జలఉష' నీట దిగినది మొదలు మన తీరమున కట్టు ఇనుపయోడలకు పటముల కొదువ లేదు. కొదువ యెల్ల కొయ్య ఓడలకే. కోరంగి, తాళ్ళరేవు ప్రాంతములందు చేపలవేట పడవలు కట్టు వడ్రంగులు నేటికిని కలరు. తుంగభద్రా కృష్ణా తీరములందు పుట్టు లల్లువారు కొందరైనను మిగిలియున్నారు. శ్రోతలలో ఉపాధ్యాయులును, ఉత్సాహవంతులైన విద్యార్థులును ఉందురు. వారికి నా విన్నపము ఒక్కటే. మీ యూరి పడవవాని చెంత ఒక్కదినము కూర్చుండుడు. కొలతలు తీయుడు. ప్రతి భాగమునకు ఆయన చెప్పు పేరును ఆయన పలికినట్లే వ్రాసికొనుడు. చేతనైన, ఆ కొలతలతో ఒక బొమ్మ కట్టుడు. వంకరగా వచ్చినను సిగ్గుపడవలదు.

సముద్రము లేని యూరిలో ఓడతో ఏమి పని యని అడిగిన మిత్రులకు నా సమాధానము ఇదియే. నీరున్నచోట ఓడ తనంతట తాను నిలుచును. నీరు తీసిన పిమ్మట దానిని నిలుపుటకు ఎవరో ఒకరు చేయి పట్టవలెను.