పురిటిగదిలో విశ్వాసము

బేత్లెహేమునకు పోవు మార్గమున ఒక సమాధి యుండినట్లు ఆదికాండము 35వ అధ్యాయమున చదువుచున్నాము. అది యాకోబు భార్యయైన రాహేలు సమాధి. ప్రయాణములో ఆమెకు నొప్పులు వచ్చెను, కాన్పు కష్టమాయెను. ప్రక్కనున్న మంత్రసాని, భయపడవద్దనియు, ఈసారియు కుమారుడే కలుగుచున్నాడనియు చెప్పి ఆమెను ఓదార్చెను. బిడ్డ బ్రదికెను, తల్లి బ్రదుకలేదు. యాకోబు దేవుని వాగ్దానములు పొందినవాడు; అంతకు ముందే బేతేలులో బలిపీఠము కట్టి ప్రార్థించినవాడు. అట్టి కుటుంబములోనే యీ మరణము సంభవించెను. కాబట్టి ప్రియ చదువరులారా, పురిటిలో ఒక తల్లి చనిపోయినయెడల ఆ యింటివారి విశ్వాసము చాలకపోయెనని మనము తీర్పు తీర్చకూడదు.

అదే బైబిలులో నిర్గమకాండము మొదటి అధ్యాయమున మరి ఇద్దరు స్త్రీలు కనబడుదురు. వారు షిఫ్రా, పూయా అను మంత్రసానులు. మగబిడ్డలను చంపుడని ఫరో ఆజ్ఞాపించినప్పుడు వారు దేవునికి భయపడి ఆ బిడ్డలను బ్రదుకనిచ్చిరి. ఆ రాజు పేరేమో ఆ గ్రంథము చెప్పలేదు గాని, ఈ మంత్రసానుల పేర్లు మాత్రము వ్రాసియుంచెను. పురిటి మంచము ప్రక్కన నిలిచి పనిచేయు చేతులను దేవుడు ఎంతగా లెక్కచేయునో దీనినిబట్టి తెలిసికొనవచ్చును.

మన పల్లెలలో రెండు మూడు తరముల క్రిందటి వరకు బిడ్డలు సాధారణముగా ఇండ్లలోనే పుట్టిరి. తొలికాన్పునకు కూతురిని పుట్టింటికి తీసికొని వచ్చుట మన ఆచారము. నొప్పులు మొదలు కాగానే మంత్రసానికి కబురు పోయెడిది. ఆమె తరచుగా ఊరివారు తక్కువగా చూచిన కులములలోని స్త్రీయే. ఇతర దినములలో ఆమెను గడప దాటనియ్యనివారు సహితము ఆ రాత్రి తమ బిడ్డ ప్రాణమును ఆమె చేతిలో పెట్టిరి. తెల్లవారిన తరువాత ఆమెకు చేరెడు గింజలిచ్చి, మరల గడప బయటనే నిలిపిరి. ఇది మన చరిత్రలో సిగ్గుపడవలసిన సంగతి.

ఆ పురిటిగదిలో ఏమి జరిగెడిదో మీ నాయనమ్మలను, అమ్మమ్మలను అడుగుడి. గర్భిణిని మెల్లగా నడిపించెడివారు. అలసినప్పుడు తల్లి ఆమె వీపునకు తన రొమ్ము ఆనించి కూర్చుండెడిది. పొయ్యి మీద నీళ్లు కాగుచుండెడివి. పిల్లలను కన్న స్త్రీలు చుట్టును చేరి, మేమును ఈ త్రోవనే వచ్చితిమమ్మా, నీవును వచ్చెదవు అని ధైర్యము చెప్పెడివారు. క్రైస్తవ గృహములలో పంచలో భర్తయు, మామయు, సంఘపెద్దయు మోకరించి ప్రార్థించుచుండగా, లోపల బైబిలు స్త్రీ కీర్తన చదివెడిది. బిడ్డ యేడ్పు వినబడగానే అందరును లేచి స్తోత్రము చేసెడివారు.

ఇది వట్టి ముచ్చట కాదు. నొప్పులు పడు స్త్రీ ప్రక్కన నమ్మకమైన మనిషి ఎడతెగక ఉన్నయెడల సహజముగా కాన్పగుట ఎక్కువగుననియు, ఆపరేషన్లు తగ్గుననియు, వైద్యశాస్త్రము ఈ కాలమున పరీక్షించి ఒప్పుకొన్నది. మన అవ్వలు దానిని పుస్తకములలో చదువలేదు, చేసి చూపిరి.

అయినను సత్యమంతయు చెప్పవలెను. ఆ గదిలోనే బొడ్డు కోయుటకు కొడవలియో, త్రుప్పు పట్టిన కత్తియో వాడుటయు ఉండెను. కోసినచోట బూడిదయో పేడయో అద్దుటయు ఉండెను. దానివలన ధనుర్వాతము సోకి, ఆరోగ్యముగా పుట్టిన బిడ్డ కొద్ది దినములలోనే పాలు పట్టలేక, ఒళ్లు బిగిసి చనిపోయెడిది. బిడ్డకు మేలైన ముర్రుపాలు చెడ్డవని పిండి పారబోసెడివారు. బిడ్డ అడ్డము తిరిగినను, కాన్పు తరువాత రక్తము ఆగకపోయినను, ఏడ్చుట తప్ప ఆ గదిలోనివారు చేయగలిగినది మిక్కిలి తక్కువ.

మంత్రసాని చదువురానిది గనుక తప్పంతయు ఆమెదే యని తలంపకుడి. ఐరోపాలోని వియన్నా పట్టణపు పెద్ద ఆస్పత్రిలో రెండు ప్రసవశాల లుండెను. ఒకదానిలో వైద్య విద్యార్థులును, రెండవదానిలో మంత్రసానులును పని నేర్చుకొనుచుండిరి. వైద్య విద్యార్థుల శాలలోనే తల్లులు ఎక్కువగా చనిపోయిరి. 1846లో అక్కడ నూటికి 11 మందికి పైగా మరణించిరి. మంత్రసానుల శాలలోనే తమ్మును చేర్చుకొనుడని స్త్రీలు బతిమాలుకొనిరి. సెమ్మెల్వైస్ అను వైద్యుడు దీనికి కారణము వెదకి కనుగొనెను. విద్యార్థులు శవములను కోసి పరీక్షించి, ఆ చేతులతోనే పురిటి స్త్రీలను ముట్టుచుండిరి. 1847లో ఆయన క్లోరిన్ సున్నపు నీళ్లతో చేతులు కడుగుకొనవలెనని నియమము పెట్టెను. 1848 నాటికి మరణములు నూటికి ఇద్దరి లోపునకు దిగెను. అయినను ఆనాటి పెద్ద వైద్యులనేకులు ఆయన మాట వినలేదు. ఇల్లయినను ఆస్పత్రియైనను, కడుగని చెయ్యి కడుగని చెయ్యే.

ఇక మన దక్షిణ దేశపు సంగతి చూతము. 1890లో ఐడా స్కడ్డర్ అను యౌవనస్త్రీ, జబ్బుపడిన తల్లికి తోడుగా ఉండుటకై అమెరికా నుండి తిండివనములోని మిషను బంగళాకు వచ్చెను. ఇక్కడ నిలిచిపోవలెనను కోరిక ఆమెకు లేదు. ఒక రాత్రి ఒక బ్రాహ్మణుడు వచ్చి, నా భార్య కాన్పు కష్టమై చనిపోవుచున్నది, నీవు రమ్మని వేడుకొనెను. ఆమెకు వైద్యము తెలియదు. తెలిసిన తండ్రి ఇంటిలోనే ఉండెను. గాని పురుషుడు వచ్చి తన భార్యను ముట్టుటకు అతడు ఒప్పుకొనలేదు. అదే రాత్రి ఒక ముస్లిమును, తరువాత మరియొక హిందువును అదే మనవితో వచ్చి, అట్లే మరలిపోయిరి. తెల్లవారునప్పటికి ఆ ముగ్గురు స్త్రీలును చనిపోయిరి.

ఆ మూడిండ్లలోను కుటుంబముండెను, ప్రేమయుండెను, ఎవరి భక్తి వారికుండెను. లేనిదొక్కటే: పని తెలిసిన స్త్రీ. ఐడా స్కడ్డర్ ఆ లోటును దేవుని పిలుపుగా ఎంచుకొనెను. 1899లో వైద్య పట్టము పొంది, 1900లో తిరిగి వచ్చి వేలూరులో పని మొదలుపెట్టెను. 1902లో ఆస్పత్రి, 1909లో నర్సుల శిక్షణ, 1918లో స్త్రీల వైద్య పాఠశాల ఆరంభమాయెను. 1960లో ఆమె ప్రభువునందు నిద్రించు నాటికి అది దేశమంతట పేరుపొందిన వైద్య కళాశాలయై యుండెను.

మన తెలుగుసీమలోను ఇట్టి సాక్ష్యమున్నది. 1883లో డాక్టర్ అన్నా సారా కుగ్లర్ లూథరను మిషను పక్షమున గుంటూరునకు వచ్చెను. వైద్య పట్టము గలదైనను, మొదట ఆమెకు అప్పగింపబడినది స్త్రీలమధ్య బోధించు పని. అయినను ఆమె తనతో మందులు తెచ్చుకొనెను. ఇండ్లలోని రోగులను చూచుచు వచ్చెను. 1893లో మందుల శాలయు, 1898లో ఆస్పత్రియు తెరువబడెను. 1930లో ఆమె గుంటూరులోనే కన్నుమూసెను. ఆ ఆస్పత్రికి కుగ్లర్ పేరే నిలిచెను. మగ వైద్యుని యెదుటికి రాలేని స్త్రీలకు అక్కడ ద్వారము తెరువబడెను.

ఇట్లు శిక్షణపొందిన స్త్రీల చేతులు మన పల్లెలకు వచ్చెను. నర్సమ్మలు వచ్చిరి, ధనుర్వాతపు టీకా వచ్చెను, 2005లో ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్సు వచ్చెను. పురిటి ధనుర్వాతము తొలగిన రాష్ట్రముగా 2003లో ఆంధ్రప్రదేశ్ ఎంచబడెను. 2015లో భారతదేశమంతయు ఎంచబడెను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96 కాన్పులు, తెలంగాణలో 97 కాన్పులు ఆస్పత్రులలో జరిగెను. ఎందరి కన్నీటి ప్రార్థనలకు ఇది ఉత్తరమో దేవునికే తెలియును.

అయితే ఆ సర్వేయే మరియొక సంగతి చెప్పుచున్నది. కడుపుకోసి బిడ్డను తీయు కాన్పులు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42, తెలంగాణలో 60. ఆపరేషను అవసరమైనప్పుడు అది తల్లికిని బిడ్డకును ప్రాణదానమే, దానికి సిగ్గుపడనక్కరలేదు. గాని అవసరము లేకయే, భయముచేతను తొందరచేతను ముహూర్తముల పిచ్చిచేతను జరుగునది మేలుకాదు. ముహూర్తము చూచి బిడ్డను తీయించుట ప్రభువును నమ్మినవారికి తగునా? మన అవ్వల ధైర్యము ఎక్కడ జారిపోయినదో ఆలోచింపుడి. ఇంటినుండి ఆస్పత్రికి పోవునప్పుడు కొడవలిని, బూడిదను విడిచిపెట్టితిమి, మంచిదే. దానితోకూడ తోడును, ఓదార్పును, ప్రార్థనను గడపలోనే విడిచి వచ్చితిమేమో.

వాటిని విడువనక్కరలేదు. ప్రభుత్వ ఆస్పత్రులలో కాన్పు సమయమున ఒక స్త్రీ తోడుగా ఉండవచ్చునని 2016లో కేంద్ర ప్రభుత్వము తీర్మానించెను. కాబట్టి సంఘములోని తల్లులారా, గర్భిణియైన కోడలిని నెలనెల పరీక్షకు మీరే తీసికొనిపొండి. ఆమె నొప్పుల వేళ పిల్లలను కన్న ధైర్యశాలి ఒకతె ప్రక్కన ఉండునట్లు ముందుగానే ఏర్పరచుకొనుడి. తొలికాన్పు కష్టముల కథలు చెప్పి ఆమెను బెదరించకుడి. పుట్టిన వెంటనే బిడ్డకు ముర్రుపాలు పట్టించుడి.

అన్నలారా, ఒక మాట. విడువని తలనొప్పి, ముఖమును చేతులును వాచుట, కండ్లు మసకలు కమ్ముట, మూర్ఛ, రక్తస్రావము, ఉమ్మనీరు పోవుట, కడుపులో బిడ్డ కదలిక తగ్గుట, నొప్పులు మొదలై తెల్లవార్లు గడిచినను కాన్పు కాకపోవుట, వీటిలో ఏది కనబడినను ఆలస్యము చేయకుడి. ప్రార్థించుచున్నాము, మరి కొంతసేపు చూతమని చెప్పుట విశ్వాసము కాదు. 108కి పిలిచి, దారిపొడుగున ప్రార్థించుడి. బండి ఎక్కించినంత మాత్రమున మీ ప్రార్థన ఆగిపోదు.

నొప్పులు పడు స్త్రీ దుఃఖపడుననియు, బిడ్డ పుట్టిన తరువాత ఆ సంతోషముచేత తన వేదనను మరచుననియు ప్రభువే తన శిష్యులతో చెప్పెను. పశువుల తొట్టిలో పండుకొనబెట్టబడిన ఆయనకు పురిటి మంచపు సంగతి తెలియును. రాహేలు సమాధికి సమీపమున, ఆ బేత్లెహేములోనే ఆయన జన్మించెను. పల్లె గుడిసెలోనేమి, పట్టణపు ఆస్పత్రిలోనేమి, నొప్పులు పడు మన కూతుళ్ల ప్రక్కన ఆయన ఉండును. మనమును ఉందుము గాక.