నిలకడ నీళ్లు: కయాక్ విహారానికి వెనకనున్న చరిత్ర

కయాక్ అనే సన్నని పడవను ఈనాడు అన్ని దేశాలలోను చెరువుల మీద, నెమ్మదిగా పారే నదుల మీద, పాత కాలువల మీద విహారానికి నడుపుతున్నారు గాని, ఆ పడవ పుట్టింది ప్రశాంతమైన నీటి కోసం కాదు. గ్రీన్‌లాండ్, ఉత్తర కెనడా, అలాస్కా తీరాల ఇన్యూట్ జాతివారు, అల్యూషియన్ దీవుల ఉనంగన్ ప్రజలు మంచుగడ్డలు తేలే సముద్రంలో సీల్ వంటి జంతువులను వేటాడడానికి దానిని రూపొందించుకున్నారు. చెట్లు మొలవని ఆ తీరాలకు కలప చేరేది దూరపు నదులు సముద్రంలోకి మోసుకొచ్చి ఒడ్డున పడవేసిన దుంగల రూపంలోనే కనుక, ఆ కలపతోనో తిమింగిలపు ఎముకలతోనో చట్రం కట్టి, దానిపై సీల్ చర్మాలను బిగించేవారు. నీరు చొరకుండా చర్మాలను కుట్టడం స్త్రీల పని. ఆ కుట్టు ఎక్కడ సడలినా వేటకు పోయినవాడు తిరిగి రాడు. పడవను నడిపేవాడి ఒంటి కొలతలకే తయారుచేసేవారు కాబట్టి ఒకరి కయాక్ మరొకరికి చక్కగా అమరేది కాదు. వేటగాడు తాను తొడిగిన చర్మపు అంగీ అంచును పడవ మధ్యనున్న రంధ్రం చుట్టూ బిగించి కట్టుకునేవాడు. పడవ తలకిందులైనా తెడ్డు ఊపుతో దానిని తిప్పి మళ్లీ నిటారుగా లేచేవాడు.

ఇంతటి ప్రమాదకరమైన వృత్తి నుంచి వచ్చిన పడవ ఈత కూడా సరిగా రాని పట్టణవాసికి సెలవునాటి కాలక్షేపంగా మారడానికి రెండు ఏర్పాట్లు కావలసివచ్చాయి: మొదటిది నిలకడైన నీరు, రెండవది ఆ నీటి దాకా పడవతో సహా చేరుకునే దారి. ఈ రెండింటినీ ప్రకృతి ఇచ్చిన వరాలుగా భావించడం పరిపాటి అయినా, ఐరోపాలో తొలి విహారనావికులు తెడ్డు వేసిన నీటిలో చాలా భాగం మానవ నిర్మితమే. పిండిమర నడిపేవారు, సరుకు పడవలవారు, కాలువలు తవ్విన కూలీలు తమ తమ అవసరాల కోసం నిలిపిన నీటి మీదికి కయాక్ చివరగా వచ్చింది.

ఇందుకు థేమ్స్ నది చక్కని ఉదాహరణ. సముద్రపు పోటు చేరే టెడ్డింగ్టన్‌కు ఎగువన ఆ నది పొడవునా పిండిమరల యజమానులు మధ్యయుగం నుంచే అడ్డుకట్టలు కట్టి, చక్రాలు తిప్పడానికి నీటిని నిలబెట్టారు. సరుకు పడవ వచ్చినప్పుడు అడ్డుకట్టలో కొంతమేర పలకలు తొలగించేవారు; దిగువకు పోయే పడవ ఆ ఉరవడితో పాటే జారిపోయేది, ఎగువకు పోవలసినదాన్ని తాళ్లతో, గిరకలతో ఆ ప్రవాహానికి ఎదురుగా లాగేవారు. ఒక్క పడవ దాటేసరికి మరకు కావలసిన నీరు చాలావరకు దిగువకు పోయేది గనుక, మరల యజమానులకు, పడవలవారికి మధ్య తగాదాలు తరతరాలుగా సాగాయి. 1630లలో ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఇఫ్లీ, శాండ్‌ఫర్డ్ వంటి చోట్ల కట్టిన లాకులు ఈ తగాదాకు పరిష్కారం చూపాయి. 1770ల నుంచి అవి నదిలో మిగతా భాగానికి విస్తరించాయి.

లాకు అనే మాట గోదావరి, కృష్ణా డెల్టాల పాఠకులకు కొత్తది కాదు. ఎగువ నీటిమట్టానికి, దిగువ మట్టానికి నడుమ రాతిగోడలతో కట్టిన పొడవాటి తొట్టి అది. దానికి రెండు చివరలా తలుపులు ఉంటాయి. ఎగువకు పోవలసిన పడవ దిగువ తలుపుల గుండా లోపలికి వచ్చాక ఆ తలుపులు మూసి, ఎగువ వైపు చిన్న తూములు ఎత్తితే, తొట్టిలో నీరు మెల్లగా పెరిగి పడవను తనతో పాటే పైకి ఎత్తుతుంది. ఎగువ మట్టంతో సమానం కాగానే అటు తలుపులు తేలికగా తెరుచుకుంటాయి. అంతవరకు నీటి బరువే వాటిని ఒకదానికొకటి అదిమి పట్టి ఉంచుతుంది. ఇటువంటి లాకులు ఈనాడు థేమ్స్ మీద 45 ఉన్నాయి. అంటే ఏటవాలుగా దిగే నది ఒక మెట్ల వరుసగా, ఒక్కొక్క మెట్టు ఒక పొడవాటి కొలనుగా మారింది. తెడ్డు వేసేవాడికి కావలసిన నీరు సరిగ్గా ఇదే.

1844లో ఆక్స్‌ఫర్డ్‌కు రైలు వచ్చిన తరువాత సరుకు క్రమంగా పట్టాల మీదికి మళ్లి, నది మీద పడవల రద్దీ తగ్గింది. అయితే ఆ రైలే పట్టణవాసులను నది ఒడ్డుకు తెచ్చి దించింది. స్కాటిష్ కుటుంబానికి చెందిన లండన్ న్యాయవాది జాన్ మక్‌గ్రెగర్ ఈ మార్పు విలువను గ్రహించినవారిలో ముఖ్యుడు. 1825లో బిస్కే అఖాతంలో తగలబడిన కెంట్ అనే ఓడ నుంచి కొద్ది వారాల పసివాడుగా బతికి బయటపడిన ఆయన, ఉత్తర అమెరికా ప్రయాణంలో అక్కడి పడవలను పరిశీలించి వచ్చి, 1865లో లండన్‌లో తనకోసం ఒక పడవ చేయించుకున్నాడు. దాని పేరు రాబ్ రాయ్. 15 అడుగుల పొడవు, 28 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల లోతు, 80 పౌన్ల (సుమారు 36 కిలోల) బరువు గల ఆ పడవను ఓక్ కలపతో చేసి, పైకప్పును దేవదారు పలకలతో మూశారు. పైకప్పు, మధ్యన కూర్చునే రంధ్రం, రెండు చివరలా రెక్కలున్న తెడ్డు కయాక్ నుంచి వచ్చినవి; చర్మానికి బదులు కలప వాడడం మాత్రం ఇంగ్లండు వడ్రంగుల పద్ధతి.

ఆ వేసవిలో మక్‌గ్రెగర్ మ్యూజ్, రైన్, మైన్, డాన్యూబ్, రాయిస్, మోజెల్, సేన్ నదుల మీద, టిటిసే, కాన్‌స్టన్స్, జూరిక్, లుసెర్న్ సరస్సుల మీద ప్రయాణించాడు. నెలల ప్రయాణానికి ఆయన వెంట తీసుకుపోయిన సామాను ఒక అడుగు చదరం, ఆరు అంగుళాల లోతున్న సంచీలో ఇమిడింది. దాని బరువు తొమ్మిది పౌన్లు. ఈ యాత్రలో చరిత్రకారుడు గమనించవలసినది ఆయన తెడ్డు వేసిన దూరం కన్నా వేయని దూరం. ఒక నదికి, మరొక సరస్సుకు నడుమ పడవను రైలు పెట్టెలో సామానుగా ఎక్కించడం, రైలు లేనిచోట ఎద్దుల బండి మీదనో, గుర్రపు బండి మీదనో మోయించడం ఆ పద్ధతికి ప్రాణం. నీరు ఎక్కడ అనుకూలంగా ఉందో ఎంచుకుని అక్కడికే పడవను తీసుకుపోవచ్చునన్న ఆలోచన ఆ యాత్రతో స్థిరపడింది. 1866లో ఆయన ఈ యాత్రను పుస్తకంగా వెలువరించాడు. అదే ఏడు లండన్‌లో కనూ క్లబ్ ఏర్పడింది.

పదేళ్ల తరువాత 1876లో యువ రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ మిత్రునితో కలిసి ఆంట్‌వెర్ప్ నుంచి ఫ్రాన్స్‌లోని పాంత్వాజ్ దాకా రెండు పడవల్లో బయలుదేరాడు. బ్రస్సెల్స్ చేరాక, అక్కడి నుంచి షార్లెరువా దాకా 55 లాకులున్నాయని తెలిసి, మిత్రులిద్దరూ పడవలతో సహా రైలెక్కి సరిహద్దు దాటారు. నీటిని నిలకడగా ఉంచే లాకు, చిన్న పడవవాడికి దారిలో అడ్డంకి కూడా అవుతుందని దీనివల్ల తేలుతుంది. ఆ తరువాత వాజ్ నది వర్షాలకు పొంగి ఉండగా, నీటికి అడ్డంగా పడిన చెట్టు కొమ్మల్లో స్టీవెన్‌సన్ చిక్కుకున్నాడు. పడవ కొట్టుకుపోయింది, ఆయన మాత్రం తెడ్డును వదలకుండా చెట్టును పట్టుకుని ప్రాణాలు దక్కించుకున్నాడు. 1878లో అచ్చయిన ఆయన తొలి పుస్తకం ఈ ప్రయాణాన్ని గురించినదే. నది శాంతం దాని స్వభావం కాదని, అది రుతువును బట్టి, ఎగువన కురిసిన వానను బట్టి మారే స్థితి మాత్రమేనని చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం అక్కరలేదు. కట్టలు, లాకులు లేని నదిని ఎంచుకునేవారు ఒడ్డున నిలబడి చూసిన రూపాన్ని నమ్మకుండా ఎగువ వార్తలు తెలుసుకోవడం అప్పుడూ అవసరమే, ఇప్పుడూ అవసరమే.

రైలుకు, పడవకు నడుమ మిగిలిన ఇబ్బంది పడవ పొడవు. 1905లో మ్యూనిక్‌లో వాస్తుశాస్త్రం చదువుతున్న ఆల్ఫ్రెడ్ హాయ్‌రిచ్ వెదురు చట్రం మీద తెరచాప గుడ్డ తొడిగి, విప్పి సంచుల్లో కట్టుకోగల కయాక్ తయారుచేసి, ఈజార్ నది మీద బాడ్ ట్యోల్జ్ నుంచి మ్యూనిక్ దాకా నడిపాడు. చట్రం మీద పొర బిగించే ఇన్యూట్ సూత్రమే ఇక్కడ మళ్లీ ప్రాణం పోసుకుంది. 1907లో దాని హక్కులు కొన్న యోహాన్ క్లెపర్ రోజెన్‌హైమ్ పట్టణపు దర్జీ. కుట్టు తెలిసినవాడి చేతికే కయాక్ తిరిగి రావడం ముచ్చట గొలిపే విషయం. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత జర్మనీలో ఈ మడత పడవలు సామాన్య ఉద్యోగుల దాకా వ్యాపించాయి. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో కయాక్ తొలిసారి పతకాల క్రీడ అయినప్పుడు పోటీలు డామె నది సరస్సులా విస్తరించిన లాంగర్ జే మీద, గ్రూనావ్ దగ్గర జరిగాయి. మడత పడవలకు పది కిలోమీటర్ల పోటీ ఆ ఒక్కసారే పెట్టారు. ఆ తరువాత ఫైబర్‌గ్లాస్, ప్లాస్టిక్ పడవలు వచ్చాయి. రైలు స్థానంలో కారు పైకప్పు వచ్చింది.

నీరు నిలకడగా ఉండి, దారి కూడా ఉన్నా, అందులో దిగే హక్కు వేరే సంగతి. సరుకు పడవలు తగ్గాక థేమ్స్ ఎవరిదన్న ప్రశ్న తలెత్తగా, 1885లో బ్రిటిష్ పార్లమెంటు టెడ్డింగ్టన్‌కు ఎగువనున్న నదిని ప్రజా విహారానికి కాపాడుతూ చట్టం చేసింది. అన్ని నదులకూ ఆ అదృష్టం పట్టలేదు. యార్క్‌షైర్‌లోని డెర్వెంట్ నదిని 1702 నాటి చట్టంతో పడవలకు అనువుగా మలిచారు. తరువాత అది ఒక రైల్వే కంపెనీ చేతికి పోయింది. 1935లో నౌకాయాన హక్కులే రద్దయ్యాయి. ఏళ్ల తరబడి జనం పడవలు నడిపారు కనుక బాటలకు వర్తించే 1932 నాటి చట్టం ప్రకారం నదికీ ఆ హక్కు దక్కాలన్న వాదనను 1991లో ప్రభువుల సభ తోసిపుచ్చింది. దీనికి భిన్నంగా స్కాట్లాండ్‌లో 2003 నాటి భూసంస్కరణ చట్టం బాధ్యతతో మెలిగే ప్రతివారికీ సరస్సుల మీద, నదుల మీద ప్రవేశాన్ని ఇచ్చింది. ఒకే దీవిలో ఒకే రకమైన నీటికి ఇంత తేడా ఉండడం న్యాయమని చెప్పడం కష్టం.

ఈ చరిత్రకు తెలుగునాట ఒక సమాంతర శాఖ ఉంది. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తికాగా, ధవళేశ్వరం, బొబ్బర్లంక, విజ్జేశ్వరాల నుంచి బయలుదేరిన కాలువలు సాగుకే గాక పడవల రాకపోకలకు కూడా ఉద్దేశించినవి. రైళ్ల కన్నా జలమార్గాలే చవక అని కాటన్ జీవితాంతం వాదించాడు. ఏలూరు కాలువ గోదావరిని కృష్ణకు కలిపితే, కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువను అందుకుంది. 1876–78 నాటి మహా కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో పనిచేసిన చేతులు కూలి గింజల కోసం వచ్చినవారివి. కాకినాడ నుంచి మద్రాసు దాకా సరుకు నీటి మీదే పోయేది. ఇక్కడ కూడా రైలు, రోడ్డు పడవను తప్పించాయి, లాకులు మిగిలాయి. ఒక తేడా గమనించాలి: ఈ కాలువల్లో నీరు మొదట పొలానిది. వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేసినప్పుడు తెడ్డుకు నీరుండదు. నీరు వదిలాక మాత్రం గట్ల మధ్య అది దాదాపు ఒకే తీరున సాగుతుంది. ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకుల ప్రాంతానికి జనం చూడముచ్చటగా ఉందని వెళ్తుంటారు. ఇటీవలి సంక్రాంతికి అక్కడి కాలువలో పడవ పందేలు జరిగాయి, గట్టు మీద ఊళ్లకు ఊళ్లు నిలబడి చూశాయి.